లిథియం బ్యాటరీ మనమే బిగించుకుందాం, 4వ పాఠం: వైరు ఎంత లావుండాలి?

పోయిన పాఠంలో లోడు లెక్క తీశాం. నర్సంపేట వైపు ఒక మిర్చి చేను, బాయికాడ గుడిసె. అందులో డీసీ ఫ్యాను, బల్బులు, ఫోన్ చార్జర్ అన్నీ కలిపి 64 వాట్లు. 12.8 వోల్టుల బ్యాటరీ మీద అది 5 ఆంపియర్లు. బ్యాటరీ మోటారు రూములో ఉంది, గుడిసె 20 మీటర్ల దూరం. ఇప్పుడు వైరు కొనాలి.

వరంగల్ చౌరస్తాలో ఏ షాపుకెళ్లి "5 ఆంపియర్లకు వైరు" అని అడిగినా 1.5 స్క్వేర్ ఎంఎం (వైరును అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం, అదే వైరు సైజు) ఇస్తారు. అందులో మోసం లేదు, ఆ వైరు 5 ఆంపియర్లకు వేడెక్కదు. కానీ గుడిసెలో ఫ్యాను మాత్రం ఈడ్చుకుంటూ తిరుగుతుంది, జనం బ్యాటరీని తిడతారు. ఎందుకో లెక్కేద్దాం.

దారిలో పోయే వోల్టులు = 2 × దూరం × ఆంపియర్లు × 0.02 ÷ వైరు సైజు

దూరం మీటర్లలో, సైజు స్క్వేర్ ఎంఎంలో. కరెంటు ప్లస్ వైరులో పోయి మైనస్ వైరులో తిరిగి రావాలి కాబట్టి 2. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. 0.02 అనేది రాగికి సంబంధించిన అంకె. పుస్తకాల్లో 0.0175 దాకా ఉంటుంది, అది 20 డిగ్రీల దగ్గరి లెక్క. మే నెల ఎండలో మన చేలల్లో పడి ఉన్న వైరుకు 20 డిగ్రీలు ఎక్కడివి?

మన గుడిసెకు 2 × 20 × 5 × 0.02 = 4. దాన్ని 1.5తో భాగిస్తే 2.67 వోల్టులు. అంటే బ్యాటరీ దగ్గర 12.8 ఉన్నా గుడిసెకు చేరేది 10.1. ఇంటి 230 వోల్టుల కరెంటులో ఇదే లోడు 0.28 ఆంపియర్లే లాగుతుంది, ఇదే వైరులో పోయేది 0.15 వోల్టు. ఇంటి వైరింగ్ అలవాటు ఇక్కడ పనికిరాదనేది అందుకే.

నష్టం 3 శాతం దాటకుండా చూసుకుందాం, అంటే 0.384 వోల్టు. 4 ÷ 0.384 = 10.4. కాబట్టి 10 స్క్వేర్ ఎంఎం వైరు. 3 శాతం అనేది శిలాశాసనమేమీ కాదు, ఆ కాస్త తేడాకు దాని పై సైజు 16కు పోనక్కర్లేదు.

రేటు వినగానే గుండె గుభేలుమంటుందా? అయితే 24 వోల్టుల సెట్టు ఆలోచించండి. వోల్టులు రెట్టింపైతే ఆంపియర్లు సగం, పోగొట్టుకోగలిగే వోల్టులు రెట్టింపు. రెండూ కలిసి వైరు సైజు నాలుగో వంతుకు దిగుతుంది: 2.5 చాలు. దూరం ఎక్కువుంటే నా ఓటు దీనికే. ఫ్యాను, బల్బులు కూడా 24 వోల్టులవే కొనాలి మరి.

ఇప్పుడు దీనికి ఎదురు కేసు. 1000 వాట్ల ఇన్వర్టరు, 12.8 వోల్టుల బ్యాటరీకి మీటరు దూరంలోనే ఉంది. ఇన్వర్టరు తినేది కూడా కలిపితే 95 ఆంపియర్ల దాకా లాగుతుంది. సూత్రం ప్రకారం 10 స్క్వేర్ ఎంఎం సరిపోతుంది. నమ్మి వేశారో, వైరు కాలిపోతుంది! దూరం తక్కువైతే వోల్టుల నష్టం చిన్నది, అసలు సమస్య వేడి. అక్కడ కంపెనీ ఇచ్చే ఆంపియర్ల పట్టిక చూడాలి. మన ఎండలకు నేనైతే 35 వేస్తాను. రెండు లెక్కలూ చేసి, ఏది లావొస్తే అది తీసుకోవాలి.

కొనేటప్పుడు వైరు కొస బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు, లోపల తెలుపు కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, మన 0.02 దానికి చెల్లదు. కొసలకు లగ్గులు (బోల్టుకు బిగించే లోహపు కొసలు) క్రింప్ చేయించండి, అంటే పనిముట్టుతో గట్టిగా నొక్కించండి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింటు ఎంత లావు వైరునైనా చెడగొడుతుంది.

వైరు లాగండి కానీ బ్యాటరీకి ఇప్పుడే కలపొద్దు. ప్లస్ దగ్గర ఫ్యూజు పడాలి, అది 5వ పాఠం. ఈలోపు ఒక లెక్క చేసి ఉంచండి: 12.8 వోల్టుల బ్యాటరీ, పశువుల కొట్టం 15 మీటర్ల దూరం, లోడు 3 ఆంపియర్లు. షాపులో దొరికే సైజుల్లో ఏది అడుగుతారు? అదే 24 వోల్టులైతే?