మునిగిన పడవను గాలితో పైకి తేవడం ఎలా?

శ్రీశైలం వెనుక జలాల్లో పడవ మునిగిందంటే మా ఉమ్మడి కర్నూలు జిల్లాలో అందరికీ ముందు గుర్తొచ్చేది ట్రాక్టరు. మోకు కట్టి ఒడ్డు మీద నుంచి లాగేద్దాం అంటారు. సంగమేశ్వరం వైపు ఒక ఇనుప మరపడవను అలాగే లాగుతుంటే చూశాను. ఇంజన్ బాగుచేయడానికి పిలిస్తే వెళ్లాను. నేను చేరేసరికి ముందు రేకు చీలిపోయి ఉంది, పడవ మాత్రం అంగుళం కూడా కదల్లేదు. ఒండ్రులో కూరుకున్న పడవను లాగితే దాని బరువుతో పాటు బురద పట్టునూ లాగాలి. నీళ్లు నిండిన పడవను ఏటవాలు ఒడ్డు మీదికి ఈడ్చాలి. అంత బలానికి పాత వెల్డింగులు ఆగవు.

పడవను లాగొద్దు, తేల్చండి. తేల్చడానికి కావలసింది గాలి, లెక్క, ఓపిక. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ గేట్లకు అడ్డుపడిన బోట్ల విషయంలో కూడా చివరికి పనికొచ్చింది ఇదే. క్రేన్లతో పని జరగలేదు. రెండు పెద్ద పడవలను ఇనుప గడ్డర్లతో కలిపి, వాటి తేలే బలాన్ని వాడుకుని ఎత్తారు.

ఇక్కడ చెబుతున్నది చిన్న పడవల గురించి, అంటే చేపల పడవ, రేవు దాటించే పడవ. నీటి లోతు 30 అడుగుల లోపు ఉండాలి. అంతకన్నా లోతైతే, లేదా పడవలో మనుషులు చిక్కుకుని ఉంటే, ఇది మనం చేయాల్సిన పని కాదు. పోలీసులకు, విపత్తు దళాలకు చెప్పండి. మామూలు పడవైనా సరే, పని మొదలుపెట్టే ముందు స్థానిక పోలీసులకు, రెవెన్యూ వాళ్లకు, జలవనరుల శాఖకు తెలియజేయాలి.

ముందు క్యాలెండరు చూడండి. మన జలాశయాలకు సముద్రంలా ఆటుపోట్లు లేవు కానీ ఏడాదికొక పోటు, ఒక ఆటు ఉన్నాయి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. వేసవికి నీళ్లు ఎంత తగ్గుతాయంటే మునిగిన సంగమేశ్వరం గుడి కూడా బయటపడుతుంది. పడవ మునిగింది ఫిబ్రవరిలో అయితే, అది ఎవరి దారికీ అడ్డం కాకపోతే, మే దాకా ఆగడమే అన్నిటికన్నా చవకైన పద్ధతి. నీళ్లు దిగాక నడిచి వెళ్లి, చిల్లు మూసి, పక్కలకు ఖాళీ డ్రమ్ములు కట్టి ఉంచండి. జూలై, ఆగస్టుల్లో కృష్ణ వరద వస్తే అదే లేపుతుంది. మెట్టకెక్కి ఇరుక్కున్న పడవకూ ఇదే వైద్యం. సరుకు దించి, డీజిల్ తీసి, అడుగున కాలువ తవ్వి, డ్రమ్ములు కట్టి వరద కోసం చూడాలి. గట్టి లంగరు వేయడం మరిచిపోవద్దు. రాత్రికి రాత్రే నీళ్లు పెరిగితే పడవ తనంతట తాను వెళ్లిపోతుంది. గండికోట, బ్రహ్మంసాగర్ లాంటి చోట్ల కూడా రోజువారీ నీటిమట్టం కనుక్కున్నాకే పని తేదీ పెట్టుకోండి.

ఆగడానికి వీల్లేకపోతే మాత్రం లెక్క దగ్గర మొదలుపెట్టాలి.

ఒక లీటరు నీటిని పక్కకు నెట్టిన గాలి సుమారు ఒక కిలో బరువును ఎత్తుతుంది. ఇనుము నీళ్లలో తన బరువులో ఎనిమిదో వంతు దాకా కోల్పోతుంది. అంటే నేల మీద 2,500 కిలోలుండే ఇనుప పడవ, ఇంజనుతో కలిపి, నీళ్లలో దాదాపు 2,200 కిలోలు తూగుతుంది. కర్ర భాగాలు ఎంత ఉంటే అంత మేలు, అవి తేలడానికే చూస్తాయి. దీనికి బురద పట్టును కలపాలి. నేను సగం కలుపుకుంటాను. నల్లరేగడి ఒండ్రు అయితే ఇంకా ఎక్కువ పట్టవచ్చు. మొత్తం 3,300 కిలోలు అనుకుందాం. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము తన బరువు పోగా 180 కిలోలు ఎత్తుతుంది. 3,300ని 180తో భాగిస్తే 19 డ్రమ్ములకు దగ్గరగా వస్తుంది. 22 తెచ్చుకోండి. సాల్వేజీ పని (మునిగినవాటిని పైకి తీసే పని) కోసమే చేసిన గాలి సంచులు అద్దెకు దొరికితే వాటినే తీసుకోండి. వాటి మీద ఎన్ని కిలోలు ఎత్తుతుందో రాసి ఉంటుంది, ఎక్కువైన గాలిని వదిలే వాల్వు కూడా ఉంటుంది.

డ్రమ్ముల విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. మూత బిగించిన ఖాళీ డ్రమ్మును కిందికి తీసుకెళ్లాలని చూస్తారు. మొదటి సంగతి, 180 కిలోల బలంతో పైకి తన్నేదాన్ని ఏ ఈతగాడూ కిందికి దించలేడు. దించినా కొన్ని అడుగుల్లోనే నీటి ఒత్తిడికి అది సొట్టపోయి నలిగిపోతుంది. కాబట్టి డ్రమ్మును నీళ్లతో నింపే దించాలి. పెద్ద మూత తీసేసి, ఆ వైపు కిందికి ఉండేలా నిలబెట్టి కట్టాలి. చిన్న మూత బిగించే ఉంచాలి. పెద్ద రంధ్రంలోంచి కంప్రెషర్ గొట్టం పెట్టి గాలి వదిలితే నీళ్లు అదే దారిన బయటికి పోతాయి. డ్రమ్ము పైకి వచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది, ఎక్కువైంది ఆ రంధ్రం నుంచే బుడగలుగా పోతుంది. డ్రమ్ము బదులు లారీ ట్యూబు కడితే, గాలికి అలా పోయే దారి లేదు. 33 అడుగుల లోతులో గాలి పట్టిన ట్యూబు పైకొచ్చేసరికి లోపలి గాలి దాదాపు రెండింతలు కావాలని చూస్తుంది. పగులుతుంది లేదా తాడు జారుతుంది. ట్యూబులు నడుము లోతు పనికే పరిమితం చేయండి.

గాలి ఎంత కావాలో కూడా ముందే చూసుకోవాలి. 33 అడుగుల లోతులో ఒక లీటరు చోటు నింపాలంటే పైనున్న గాలి రెండు లీటర్లు కావాలి. 20 డ్రమ్ములంటే 8,000 లీటర్లు. నిమిషానికి 200 లీటర్లిచ్చే కంప్రెషర్ అయితే 40 నిమిషాలు, మధ్యలో ఆగేవి వేరే.

ఇప్పుడు నీళ్లలో దిగే మనిషి గురించి. టైర్లకు గాలి కొట్టే కంప్రెషర్ గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఎవరూ దిగకూడదు. ఆ గాలిలో ఆయిల్ ఆవిరి ఉంటుంది, ఇంజన్ పొగ కలిస్తే మనిషి నీళ్లలోనే స్పృహ తప్పుతాడు. శిక్షణ ఉన్న డైవరే దిగాలి, పైన తాడు పట్టుకున్న మనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి. సిలిండర్ గాలి పీల్చుకున్నవాడు ఊపిరి బిగబట్టి పైకి రాకూడదు, ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. గాలి ఎక్కించేటప్పుడు, పడవ కదిలేటప్పుడు దాని కిందా పైనా ఎవరూ ఉండకూడదు. దీంట్లో నేను ఎవరి మాటా వినను. పడవ పోతే మళ్లీ కొనొచ్చు.

డైవరు ముందుగా చుట్టూ ఉన్న వలలు కోసి తీయాలి, చిల్లు ఎక్కడుందో చేత్తో తడిమి చూడాలి. మన నీళ్లలో, ముఖ్యంగా వరద తర్వాత, కంటికి ఏమీ కనిపించదు. చిన్న చిల్లుకు గోనెపట్ట చుట్టిన చెక్క బిరడా చాలు. చీలిక పెద్దదైతే బయటి నుంచి మందపాటి టార్పాలిన్ చుట్టి కట్టండి. లోపలి నీళ్లు తోడుతున్నప్పుడు బయటి ఒత్తిడే దాన్ని అదిమి పడుతుంది.

తర్వాత బెల్టులు. అంచు కమ్మీలకో, కొక్కేలకో డ్రమ్ములు కట్టొద్దు, ఊడొస్తాయి. పంపు గొట్టంతో నీళ్లు కొట్టి పడవ అడుగున సందు చేసి, రెండు మూడు చోట్ల వెడల్పాటి బెల్టులు అటు నుంచి ఇటు దూర్చండి. రెండు పక్కలా సమానంగా డ్రమ్ములు రావాలి, కానీ ముందూ వెనుకా సమానం కాదు. ఇంజన్ వెనుక ఉంటే డ్రమ్ముల్లో మూడింట రెండు వంతులు వెనుకే కట్టాలి.

గాలి ఎక్కించడం మొదలయ్యాక తొందరపడేవాళ్లను ఒడ్డుకు పంపేయండి. ఎడమ ఒకటి, కుడి ఒకటి, మళ్లీ ఎడమ. మూడొంతులు నిండాక ఆపి పావుగంట చూడాలి. బురద పట్టు ఒక్కసారిగా వదలదు, మెల్లగా నీళ్లు కిందికి చేరితేనే వదులుతుంది. కదలడం లేదని ఉన్న గాలంతా ఎక్కిస్తే, పట్టు వదిలిన క్షణంలో పడవ రాకెట్‌లా పైకి లేస్తుంది. పైకొచ్చి ఒరిగి, డ్రమ్ముల్లో గాలి ఒలికిపోయి మళ్లీ మునుగుతుంది. ఆగిన సమయంలో అడుగున నీటి గొట్టం ఆడించండి. ముందు ఒక కొస లేపి, తర్వాత రెండోది లేపితే పట్టు త్వరగా తెగుతుంది.

ఒకే విడతలో పైకి తేవాలనుకోవద్దు. డ్రమ్ములను పడవకు ఎత్తుగా, నీటి పైభాగానికి నాలుగైదు అడుగుల కింద ఉండేలా కట్టండి. అవి పైకి తేలగానే పడవ అంతే ఎత్తు లేచి వేలాడుతుంది, ఇంకా పైకి పోలేదు. అలాగే మెల్లగా ఒడ్డు వైపు నడిపించండి. అడుగు తగిలాక గాలి వదిలి, తాళ్లు పొట్టి చేసి, మళ్లీ ఎత్తాలి. స్వీడన్‌లో 1628లో మునిగిన వాసా అనే యుద్ధనౌకను ఇలాగే తెచ్చారు. అడుగున సొరంగాలు తవ్వి మోకులు దూర్చి, పాంటూన్లతో, అంటే నీటిపై తేలే పెద్ద తొట్లతో, 1959లో 18 విడతలుగా లోతు తక్కువున్న చోటికి జరిపారు, 1961లో నీటి పైకి తెచ్చారు. 333 ఏళ్ల కర్ర ఓడ దాదాపు చెక్కుచెదరకుండా వచ్చిందంటే ఆ ఓపిక కూడా ఒక కారణం.

నడుము లోతుకు వచ్చాక డ్రమ్ములను పక్కలకు ఆనించి, కిందికి కట్టి చివరిసారి ఎత్తండి. అంచు చుట్టూ నీటి పైకి తేలాలి. ఒక్క మూల మునిగి ఉన్నా ఎంత తోడినా అంతే నీళ్లు వస్తాయి. పొలాల్లో వాడే 5 హెచ్‌పీ ఆయిల్ ఇంజన్ పంపు చాలు. పడవ సగం నీళ్లతో ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదం. లోపలి నీళ్లన్నీ ఒక పక్కకు పొర్లి బోల్తా కొట్టిస్తాయి. అందుకే పూర్తిగా తోడేదాకా డ్రమ్ములు విప్పొద్దు, లోపలికి ఎవరూ ఎక్కొద్దు.

ఇంజన్ బయటికి రాగానే స్టార్ట్ చేసి చూద్దాం అనే కోరిక వస్తుంది. చేయొద్దు. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజక్టర్ విప్పి, చేత్తో తిప్పి నీళ్లు కక్కించండి. పాత ఆయిల్, డీజిల్ నేల మీదికో నీళ్లలోకో కాకుండా డబ్బాల్లోకి దించండి. డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోసి మళ్లీ చేత్తోనే తిప్పండి. నీళ్లలో నెల రోజులున్నా పట్టనంత తుప్పు గాలి తగిలిన ఒక్క రోజులో పడుతుంది, కాబట్టి ఈ పని ఆ సాయంత్రమే అయిపోవాలి. మెకానిక్‌ను ముందురోజే పిలిచి ఒడ్డున కూర్చోబెట్టుకోండి.