మూత్రం ఆపుకోలేని ఇబ్బందికి ఇంటి పాఠాలు - 3: పరుగెత్తకండి, ఆగండి

మూత్రానికి ఎప్పుడెప్పుడు వెళ్తున్నారో పోయిన వారం మూడు రోజుల లెక్క రాయమన్నాను కదా, ఆ కాగితం తీసి ముందు పెట్టుకోండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, బిందె ఎత్తినప్పుడు చుక్కలు పడేవాళ్లు రెండో పాఠంలోని కండరాల బిగింపులే కొనసాగించండి. ఉన్నట్టుండి అర్జెంటుగా వచ్చి, బాత్రూము చేరేలోపే పడిపోయేవాళ్లకు ఈ పాఠం.

పలాసలో జీడిపప్పు పనికి వెళ్లే మా వీధి అప్ప ఒకామె ఉంది. "పనిలో ఉన్నంతసేపూ ఏం ఉండదమ్మా. ఇంటికొచ్చి తాళంలో చెవి పెట్టానంటే చాలు, ఇంక ఆగదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏళ్ల తరబడి తలుపు తీయగానే బాత్రూముకు పరుగెత్తడంతో, తాళంచెవి చప్పుడే మెదడుకు గంట కొట్టినట్టయింది. అది ఆమె తప్పు కాదు.

లోపల జరిగేది ఇదీ. మూత్రసంచి నిండుతున్నంతసేపూ సహానుభూత నాడులనే ఒక జట్టు నరాలు దాని గోడను వదులుగా ఉంచుతాయి. ఖాళీ చేసే వేళకు, వెన్ను అడుగు నుంచి వచ్చే సహానుభూత పర నాడులనే ఇంకో జట్టు ఆ గోడను ముడుస్తాయి. ఈ రెండూ స్వయంచోదితాలు, మనం చెబితే వినవు. మన మాట వినేది మూత్రమార్గం చుట్టూ ఉన్న బయటి కండరం. దాన్ని బిగిస్తే ఆ కబురు వెన్నుకు చేరి, సంచి ముడుచుకోవడం నెమ్మదిస్తుంది. మనకు దొరికిన పట్టు అదే.

అందుకే అర్జెంటు రాగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే ఆగండి. కుర్చీ ఉంటే కూర్చోండి. ఆ బయటి కండరంతో పాటే బిగిసే, గ్యాస్ ఆపుకునే కండరాన్ని ఐదారుసార్లు చకచకా బిగించి వదలండి. తొడలు, పొట్ట బిగుసుకోకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. ఆ తోపు పెరిగి పెరిగి, కాసేపటికి తగ్గుతుంది. తగ్గాకే మామూలు నడకతో వెళ్లండి. అప్ప చేత తాళంచెవి పట్టించి, గుమ్మం దగ్గరే ఇది చేయించాను. మొదటి వారం రెండుసార్లు చీర తడిసింది. మూడో వారానికి తలుపు తీసి, సంచీ లోపల పెట్టి, చెప్పులు విప్పాక వెళ్లగలిగింది.

కాగితంలో గంటకోసారి వెళ్తున్నట్టుంటే, ఈ వారం గంటంబావుకు జరపండి. వారానికో పావుగంట పెంచుకుంటూ మూడు గంటల దాకా తెచ్చుకోవచ్చు.

నీళ్లు మాత్రం మానకండి. చిక్కబడ్డ మూత్రం సంచిని ఇంకా రేపుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో చూస్తున్నాం. ఎండలో పనిచేసే ఆడమనిషిని నీళ్లు తగ్గించమని నేను చచ్చినా చెప్పను. తగ్గించాల్సింది టీ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగండి.

మంట, జ్వరం, మూత్రంలో రక్తం, తొడల మధ్య తిమ్మిరి, కాళ్లు పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా అభ్యాసం పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఈ వారం కాగితంలో ఇంకో గడి గీయండి: అర్జెంటు వచ్చినా ఎన్నిసార్లు ఆగగలిగారో రాయండి. రాత్రిళ్లు లేవాల్సి రావడం గురించి నాలుగో పాఠంలో చూద్దాం.