స్టూడియోలో మొదటి రికార్డింగ్‌కు ఎలా సిద్ధం కావాలి?

నా మొదటి రికార్డింగ్‌కు వెళ్లేనాటికి పాట నిద్రలో లేపినా పాడగలను. మాటలు, స్వరాలు, గమకాలు అన్నీ కంఠతా వచ్చు. అయినా మూడు గంటల సెషన్‌లో సగం వృథా అయింది. ఇంట్లో రోజూ రాత్రిపూట, పక్క గదిలో వాళ్లకు ఇబ్బంది కలగకుండా, కూర్చుని గొంతు తగ్గించి పాడుకునేవాణ్ని. అలా పాడినప్పుడు చరణంలో పై స్వరాలు హాయిగా పలికేవి. స్టూడియోలో నిలబడి నిండు గొంతుతో అందుకునేసరికి అవే స్వరాల దగ్గర గొంతు బిగుసుకుపోయింది. శ్రుతి దించుదామంటే ముందే తయారుచేసిన వాయిద్యాల ట్రాక్ మొత్తం ఒకే ఆడియో ఫైల్‌గా ఉంది, వాయిద్యాలు విడివిడిగా లేవు. చేసేదేమీ లేక అదే శ్రుతిలో పాడాను. ఆ బిగువు ఇప్పటికీ ఆ పాటలో నాకు వినిపిస్తుంది.

అందుకే మొదటిసారి వెళ్తున్నవాళ్లకు నేను ముందు చెప్పే మాట ఇదే. శ్రుతి, వేగం, పాట ఎలా మొదలై ఎలా ముగుస్తుంది అన్నవి ఇంట్లోనే తేల్చుకోండి. స్టూడియోలో మీకు మిగలాల్సిన పని పాడటం, వాయించడం మాత్రమే.

స్టూడియో వాళ్లతో ముందే మాట్లాడండి

మొదటి సెషన్‌కు ఒక్క పాట చాలు. ఎంతమంది వస్తున్నారు, ఏ వాయిద్యాలు ఉన్నాయి, అందరూ కలిసి ఒకేసారి వాయిస్తారా, ఒక్కొక్కరు విడిగా రికార్డ్ చేస్తారా అన్నది ఇంజనీరుకు ముందే చెప్పండి. దాన్నిబట్టే ఆయన మైకులు సిద్ధం చేసుకుంటారు. డ్రమ్స్ ఉంటే మైకులు అమర్చి సౌండ్ సరిచూడటానికే గంట పట్టవచ్చు. ఆ సమయం మీరు బుక్ చేసుకున్న గంటల్లోకే వస్తుందా అని అడగండి. మిక్సింగ్ (విడివిడిగా రికార్డ్ చేసినవన్నీ కలిపి సరిచేయడం), మాస్టరింగ్ (కలిపిన పాటకు చివరి మెరుగులు దిద్దడం) అందులో కలిసే ఉన్నాయా, చివరికి ఏ ఫైళ్లు ఇస్తారు అన్నది కూడా అడగాలి. ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటపడకండి. ఇవన్నీ అడిగే మనిషి వస్తున్నాడంటే ఇంజనీరుకూ పని సులువవుతుంది.

శ్రుతి

నిలబడి, స్టూడియోలో ఎంత గొంతుతో పాడతారో అంతే గొంతుతో, పాటలో అన్నిటికన్నా పై స్వరం వచ్చే వాక్యాన్ని పదిసార్లు పాడండి. పదోసారి కూడా మొదటిసారి అంత తేలిగ్గా వస్తే శ్రుతి సరిపోయినట్టే. స్టూడియోలో ఒకే లైను అన్నిసార్లు పాడాల్సిన పరిస్థితి నిజంగానే వస్తుంది. తర్వాత అన్నిటికన్నా కింది స్వరం వచ్చే వాక్యం పాడి, మాట స్పష్టంగా వినిపిస్తోందో లేదో చూడండి. రెండు శ్రుతిలో పాడుతున్నవాళ్లు ఒకసారి ఒకటిన్నరలోనూ, ఒకసారి రెండున్నరలోనూ పాడి చూడాలి. అర స్వరం తేడాతో పాట స్వభావమే మారిపోవచ్చు. పొద్దున గొంతు కాస్త కిందికి ఉంటుంది కాబట్టి సెషన్ ఏ వేళకు ఉందో ఆ వేళకే ఈ పరీక్ష పెట్టుకోండి.

హార్మోనియం, వేణువు లాంటివి ఉంటే ఇంకో జాగ్రత్త కావాలి. కీబోర్డులు, శ్రుతి సరిచూపే ట్యూనర్లు సాధారణంగా ‘ఎ’ (A) అనే స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకుంటాయి. మీ హార్మోనియం రీడ్లు కచ్చితంగా అక్కడే ఉండాలని లేదు, వాటిని అప్పటికప్పుడు మార్చలేరు కూడా. వేణువు వాయించేకొద్దీ వెచ్చబడి శ్రుతి కొద్దిగా పైకి వెళ్తుంది. ట్రాక్ తయారుచేయించే ముందే ఆ వాయిద్యాన్ని ట్యూనర్‌తో సరిచూసి, తేడా ఉంటే ట్రాక్‌నే దానికి తగ్గట్టు చేయించండి.

వేగం, క్లిక్

క్లిక్ అంటే వేగం తప్పకుండా మెట్రోనోమ్ వినిపించే టిక్ టిక్ శబ్దం. ముందు ఏ క్లిక్కూ లేకుండా మీకు సహజంగా అనిపించే నడకలో పాడి, ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని తాళం తడుతూ అది నిమిషానికి ఎన్ని దెబ్బలో చూడండి. 96 వచ్చిందనుకుందాం. అప్పుడు 92, 94, 98 దగ్గర కూడా పాడండి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 96 దగ్గర నాలుగు నిమిషాలు పట్టే పాట 100 దగ్గర దాదాపు పది సెకన్ల ముందే అయిపోతుంది. ఆ పది సెకన్లలో కొంత మీరు ఊపిరి తీసుకునే చోట్ల నుంచి కూడా పోతుంది. మాటలు గబగబా తోసినట్టు వినిపిస్తే వేగం తగ్గించండి, వాక్యం చివర ఊపిరి చాలకపోతే కాస్త పెంచండి.

అంకె తేలాక కనీసం రెండు వారాలు రోజూ ఆ క్లిక్‌తోనే సాధన చేయండి. మొదట్లో క్లిక్ మిమ్మల్ని లాగుతున్నట్టో, మీరే దాన్ని తోస్తున్నట్టో ఉంటుంది. నాలుగైదు రోజుల తర్వాత మెట్రోనోమ్ వేగం సగానికి తగ్గించి, అదే పాటను అదే నడకలో పాడి చూడండి. దెబ్బకూ దెబ్బకూ మధ్య లయను మీరే మోయాల్సి వస్తుంది, దాంతో నడక గట్టిపడుతుంది. ఆలాపనలా స్వేచ్ఛగా సాగే పాటకు క్లిక్ అవసరం లేదు. అలాంటి పాట అయితే ఆ సంగతి ఇంజనీరుకు ముందే చెప్పాలి.

ఫోన్‌లో రికార్డ్ చేసి, మర్నాడు వినండి

ఈ ఒక్క పనిని మాత్రం మానొద్దు. పాడుతున్నప్పుడు మనకు వినిపించే గొంతులో కొంత మన ఎముకల గుండా వస్తుంది. మైకుకు ఆ సంగతి తెలియదు, గాలిలో వచ్చిందే పట్టుకుంటుంది. అందుకే రికార్డింగ్‌లో మన గొంతు మనకే పరాయిగా అనిపిస్తుంది. ఆ ఆశ్చర్యం ఇంట్లోనే తీరిపోతే స్టూడియోలో టెన్షన్ సగం తగ్గుతుంది.

పాడిన రోజే వింటే చెవి మనవైపే మాట్లాడుతుంది. మర్నాడు వినండి, చేతిలో పాట రాసిన కాగితం, పెన్సిల్ పెట్టుకుని. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, వాక్యం చివర శ్రుతి ఎక్కడ జారుతోంది, ఏ అక్షరం మింగేస్తున్నారు అన్నవి గుర్తుపెట్టండి. తెలుగు పాటలో శ, స తేడా, ళ, ల తేడా మైకు దగ్గర దాచలేం. ప, బ, భ లాంటి అక్షరాల దగ్గర పెదవుల నుంచి దూసుకొచ్చే గాలి మైకులో ధబ్బుమని వినిపిస్తుంది. స్టూడియోలో మైకు ముందు పెట్టే పల్చటి తెర కొంతవరకు ఆపుతుంది, మిగతాది మీరే మెత్తగా పలకాలి. చ, స, ష దగ్గర ఈల లాంటి శబ్దం వస్తుంటే మూతిని మైకుకు సూటిగా కాకుండా కొద్దిగా పక్కకు తిప్పి పాడటం అలవాటు చేసుకోండి.

కాగితం మీద పాట నక్షా

పాటకు ముందు వచ్చే వాయిద్యం ఎన్ని ఆవర్తాలు (తాళం ఎన్ని చుట్లు), పల్లవి ఎన్నిసార్లు, చరణాల మధ్య సంగీతం ఎంత, ముగింపు ఎలా అన్నవి వరుసగా రాయండి. పైన శ్రుతి, వేగం వేయండి. ముగింపు దగ్గర అందరూ తడబడతారు, కాబట్టి ఒక్కసారిగా ఆగుతుందా, పల్లవి తిరిగి వస్తూ సన్నగిల్లుతుందా అన్నది తప్పకుండా రాయాలి. పాట మాటలు పెద్ద అక్షరాల్లో, చరణం మధ్యలో పేజీ తిప్పాల్సిన అవసరం లేకుండా ప్రింట్ తీసుకోండి. కాగితం చప్పుడు కూడా మైకు పట్టుకుంటుంది.

ట్రాక్ మీరే తీసుకెళ్తుంటే ఎమ్‌పీ3 కాకుండా వేవ్ ఫైళ్లు (నాణ్యత తగ్గించకుండా దాచిన ఆడియో ఫైళ్లు) తీసుకెళ్లండి. ప్రతి వాయిద్యం విడి ఫైల్‌గా, అన్నీ సున్నా సెకను దగ్గరే మొదలయ్యేలా ఉండాలి. అప్పుడు ఎవరి కంప్యూటర్‌లో పెట్టినా వాటంతట అవే సరిగ్గా కూర్చుంటాయి. రెండు రోజుల ముందే పంపితే, ఫైల్ తెరుచుకోకపోతే తెలుసుకోవడానికి వ్యవధి ఉంటుంది.

ముందు రోజు

గిటార్ తీగలు మార్చాలనుకుంటే ఒకటి రెండు రోజుల ముందే మార్చండి. కొత్త తీగలు సాగి కుదురుకునే వరకు శ్రుతి నిలవదు. పికప్ (గిటార్ శబ్దాన్ని పట్టే పరికరం), ట్యూనర్ బ్యాటరీలు సరిచూసి, అదనపు తీగలు పెట్టుకోండి. గాయకులు గట్టిగా మాట్లాడటం, అరవడం మానాలి. నీళ్లు ముందు రోజు నుంచే తాగుతూ ఉండండి. తాగిన నీరు స్వరతంత్రులను నేరుగా తడపదు, ఒంటికి పట్టాకే వాటికి అందుతుంది కాబట్టి మైకు ముందు గుటకలు వేసినంత మాత్రాన సరిపోదు. జలుబు చేస్తే వెంటనే ఫోన్ చేసి వాయిదా అడగండి. గాజులు, గలగలలాడే గొలుసులు, గరగరలాడే బట్టలు వేసుకోవద్దు.

మైకు ముందు

వెళ్లేముందే ఇరవై నిమిషాలు గొంతు సవరించుకోండి. మైకుకు దాదాపు జానెడు దూరంలో నిలబడండి. స్టూడియోల్లో పాటకు ఎక్కువగా వాడే మైకులకు మరీ దగ్గరగా వెళ్తే గొంతు బరువెక్కి వినిపిస్తుంది, ముందుకూ వెనక్కీ ఊగితే ఒక్కో లైను ఒక్కోలా వస్తుంది. లెవెల్ (రికార్డింగ్‌లో గొంతు ఎంత గట్టిగా వస్తోందో) చూడటానికి పాడమన్నప్పుడు మెల్లగా పల్లవి అనకుండా, పాటలో అన్నిటికన్నా గట్టిగా పాడే చోటు పాడండి. ఇంజనీరు దాన్నిబట్టే మైకు లెవెల్ పెడతారు.

తర్వాతది హెడ్‌ఫోన్స్. కొత్తవాళ్లు సిగ్గుపడి ఏం వినిపిస్తే దానితోనే సర్దుకుంటారు, అలా చేయకండి. మీ గొంతు హెడ్‌ఫోన్స్‌లో మరీ గట్టిగా వస్తే తెలియకుండానే తగ్గించి పాడతారు, తక్కువగా వస్తే అరుస్తారు. ‘నా గొంతు కొంచెం పెంచండి, డ్రమ్స్ తగ్గించండి, శ్రుతి ఇంకాస్త వినిపించాలి’ అని అడగండి. అది మీకు సరిపోయే వరకు అసలు టేక్ (ఒకసారి పాడి రికార్డ్ చేయడం) మొదలుపెట్టవద్దు. ఒక చెవి తెరిచి పాడే అలవాటుంటే ఆ హెడ్‌ఫోన్ కప్పును తలకు ఆనించి ఉంచండి, లేకపోతే క్లిక్ శబ్దం మైకులోకి వెళ్తుంది.

మొదట మూడు నాలుగు టేకులు మధ్యలో ఆగకుండా పూర్తిగా పాడండి. తప్పు వచ్చినా సాగిపోండి. ‘ఊరికే ట్రై చేస్తున్నా’ అన్నప్పుడు పాడింది కూడా రికార్డ్ చేయమని చెప్పండి, ఏ భయమూ లేని పాట ఒక్కోసారి అందులోనే దొరుకుతుంది. తర్వాత బాగా రాని లైన్లు మాత్రం విడిగా పాడి అతికించవచ్చు. పాట ముగిశాక ఐదు సెకన్లు కదలకుండా ఉండండి, చివరి నాదం పూర్తిగా ఆరాలి.

మిక్సింగ్‌లో సరిచేద్దాం అన్న మాట కొన్నిటికి నిజం. ఒక స్వరం కొద్దిగా జారితే సాఫ్ట్‌వేర్‌తో సర్దవచ్చు. మింగేసిన అక్షరాన్ని, లెవెల్ దాటి చిట్లిన గొంతును అలా సర్దలేరు. వాటిని అక్కడే మళ్లీ పాడండి. బాగుందో లేదో చెప్పడానికి మీరు నమ్మే చెవి ఉన్న ఒక్కరిని వెంట తీసుకెళ్తే చాలు. నలుగురు వస్తే నాలుగు అభిప్రాయాల మధ్య గొంతు అలిసిపోతుంది.

బయటికి వచ్చే ముందు

రఫ్ మిక్స్ (తాత్కాలికంగా కలిపిన పాట) తీసుకోండి. మీకు ఇస్తామన్న వేవ్ ఫైళ్లు రెండు చోట్ల కాపీ చేసుకోండి. ఏ టేక్‌లో ఏ చరణం నచ్చిందో అక్కడే రాసి పెట్టుకోండి, రెండు రోజుల తర్వాత అన్ని టేకులూ ఒకేలా వినిపిస్తాయి. ఆ రాత్రికి పాట వినకుండా నిద్రపోండి. మర్నాడు హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, మామూలు స్పీకర్‌లో ఒకసారి విని, మార్చాల్సినవి నిమిషం, సెకనుతో సహా ఒకే కాగితం మీద రాసి ఇంజనీరుకు ఒకేసారి పంపండి.