ఇంటి బయటి గోడకు బేతంచెర్ల రాయి ఎలా అతికించాలి?

గోడకు అతికించిన రాళ్లు ఊడిపోతున్నాయంటే నన్ను పిలుస్తుంటారు. ఊడిన రాయిని తిరగేసి చూస్తే చాలు, తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది. పోయిన ఎండాకాలం అనంతపురంలో ఒక ఇంటి పడమటి గోడ చూడడానికి వెళ్లాను. కింద పడిన రాయి వెనకవైపు జిగురు ఎండిన వడియాల్లా ఐదు ముద్దలుగా ఉంది. నాలుగు మూలలా నాలుగు, నడిమధ్య ఒకటి. మిగతా చోటంతా నున్నగా ఉంది. బొటనవేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంది. ఫ్యాక్టరీలో రాయి కోసినప్పుడు పట్టిన పొడి అది, ఎవరూ కడగలేదు. ఒక ముద్దకైతే గోడ మీది పుట్టీ పెచ్చు గులాబీ రంగు పెయింటుతో సహా ఊడొచ్చి అతుక్కుని ఉంది. ఆ గోడ పక్కనే పిల్లలు సైకిళ్లు పెట్టుకుంటారు.

బేతంచెర్ల, తాడిపత్రి, కడప రాళ్లన్నీ సున్నపురాళ్లే. 20 మిల్లీమీటర్ల మందం ఉన్న రాయి చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడంటే అర టన్ను బరువు వేలాడదీసినట్టే. అందం సంగతి తర్వాత, ముందు ఈ బరువు గుర్తుపెట్టుకోండి.

రాయి, సామాను

పడమటి గోడకు, దక్షిణపు గోడకు కడప నల్లరాయి వద్దు. వంటగది గట్టుకు, అలమరా అరలకు దాన్ని మించింది లేదు, మా ఇంట్లోనూ అవే. బయట మాత్రం నలుపు ఎండనంతా పీల్చుకుంటుంది, కొన్నేళ్లకు వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. బేతంచెర్ల లేతరంగు రాయే తీసుకోండి. అడుగు పొడవు, అర అడుగు వెడల్పు, 12 నుంచి 15 మిల్లీమీటర్ల మందం చాలు. రెండడుగుల పలకలు గోడకు ఎక్కించమని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను.

కొనేచోటే రాయి మీద నీళ్లు చల్లి ఐదు నిమిషాలు ఆగండి. రాయంతా ఆరినా సన్నటి గీత ఒకటి తడిగానే మిగిలిందంటే అక్కడ పగులు ఉన్నట్టు. అలాంటిది పక్కన పెట్టేయండి.

జిగురు సంచి మీద ఐఎస్ 15477 అని (ఇలాంటి జిగురుకు భారతీయ ప్రమాణం నంబరు అది), సహజ రాయికీ బయటి గోడకూ పనికొస్తుందని రాసి ఉండాలి. తెల్ల జిగురే కొనండి, బూడిదరంగుది లేత రాయిలోంచి మచ్చగా పైకి తేలుతుంది. ఇక 10 మిల్లీమీటర్ల పళ్ల తాపీ (అంచుకు రంపంలా పళ్లుండేది), రబ్బరు సుత్తి, రసమట్టం, తూకం గుండు, రాళ్ల మధ్య సందు సమానంగా ఉంచే 3 మిల్లీమీటర్ల స్పేసర్లు, వైరు బ్రష్షు, కోత మిషను కావాలి. రాయి కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి.

గోడ

పెయింటు, పుట్టీ పూర్తిగా గీకేయాలి, సిమెంటు పూత కనిపించేదాకా. జిగురు పుట్టీని గట్టిగానే పట్టుకుంటుంది, కానీ పుట్టీకి గోడ మీద ఆ పట్టు ఉండదు. పూతను సుత్తితో తట్టి చూసి, గుల్లగా మోగిన చోట కొట్టేసి కొత్త పూత వేయండి. దాన్ని నీళ్లతో తడుపుతూ క్యూరింగ్ చేసి, ఆరేదాకా ఆగండి. మిగతా గోడంతా రెండంగుళాలకొక గాటు పెట్టి, నీళ్లతో కడిగి దుమ్ము వదిలించండి.

నీళ్ల పైపుతో మట్టం చూసుకుని, నేల నుంచి ఒక వరస ఎత్తులో చెక్క బద్దను అడ్డంగా మేకులతో కొట్టండి. పని ఆ బద్ద మీద నుంచి మొదలుపెట్టాలి. కింది వరసను అన్నిటికంటే చివర, బద్ద తీసేశాక, నేలకు అర అంగుళం ఎడం ఉండేలా కోసి పెట్టాలి. నేలను తాకితే వాననీళ్లు రాయిలోకి పాకుతాయి.

అతికించడం

గోడలు పాడయ్యేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ముందు రాయి వెనక. ప్రతి రాయినీ, మళ్లీ చెబుతున్నాను, ప్రతి రాయినీ వైరు బ్రష్షుతో రుద్ది నీళ్లతో కడగాలి. మొదటి నీళ్లు పాలలా తెల్లగా దిగుతాయి. తేటగా దిగేదాకా కడిగి నీడలో ఆరబెట్టండి. వెనకవైపు అరచేత్తో రాస్తే చేతికి ఏమీ అంటకూడదు. వంద రాళ్లు కడగడానికి ఒక పూట పడుతుంది. ఆ పూట కూలి మిగుల్చుకుందామనే చాలామంది ఈ పని ఎగ్గొడతారు. పొడి మీద పూసిన జిగురు పొడినే పట్టుకుంటుంది, రాయిని పట్టుకోదు.

రెండోది ఎండ. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక పడమటి గోడ మీద చేయి ఆనించలేం. ఆ గోడకు పూసిన జిగురు నిమిషాల్లో పైన పొర కడుతుంది. చూడ్డానికి తడిగానే ఉంటుంది, రాయి పెడితే పైపైన ఆనుకుంటుంది తప్ప లోపల పట్టదు. అందుకే పడమటి గోడ పని పొద్దున 6 గంటలకు మొదలుపెట్టి 11 గంటలకు ఆపేస్తాను. తూర్పు గోడ పని సాయంత్రం. కుదిరితే కార్తీకం తర్వాత పెట్టుకోండి. జిగురు పూసే ముందు గోడను తడిపి, నీళ్ల మెరుపు పోయేదాకా ఆగండి. జిగురు పూశాక వేలితో తాకి చూడండి. వేలికి అంటితే రాయి పెట్టవచ్చు. అంటకపోతే గీకి పారేయండి. దాని మీద నీళ్లు చిలకరించి సరిపెట్టొద్దు.

మూడోది పూసే తీరు. బకెట్లో ముందు నీళ్లు పోసి, తర్వాత పొడి వేసి కలపండి. ఐదు నిమిషాలు ఆగి మళ్లీ కలపండి. గట్టిపడిందని మధ్యలో నీళ్లు పోయకూడదు. గోడ మీద నాలుగు చదరపు అడుగులకు మించకుండా జిగురు పూసి, పళ్ల తాపీతో అడ్డంగా గాళ్లు లాగండి. రాయి వెనక కూడా తాపీ సాపు అంచుతో పలచగా, మూల నుంచి మూలకు, సందు లేకుండా మెత్తాలి. రాయిని గోడకు నొక్కి కాస్త పైకీ కిందికీ జరిపితే గాళ్లు కలిసిపోయి లోపలి గాలి బయటకు వస్తుంది. తర్వాత రబ్బరు సుత్తితో నడిమి నుంచి అంచులకు తట్టండి.

ముద్దలు పెట్టి అతికించేవాళ్లు పని తొందరగా అవుతుందంటారు, గోడ వంకరలు సర్దుకోవచ్చంటారు. వంకరలు పూతలోనే సరిచేయాలి. ముద్దల మధ్య ఖాళీలో వాననీళ్లు చేరతాయి, ఎండకు అవి ఆవిరై రాయిని వెనక నుంచి నెడతాయి. అనంతపురం గోడకు జరిగింది ఇదే. సిమెంటు పాలు పూసి ఇసుక మాలుతో పెట్టే పాత పద్ధతి వెనక గరుకుగా ఉన్న మందపాటి బండలకు పనికొస్తుంది. మిషనుతో నున్నగా కోసిన రాళ్లకు ఆ పట్టు చాలదు.

మొదటి రాయి పెట్టి రెండు నిమిషాలయ్యాక ఊడదీసి చూడండి. వెనకంతా జిగురు అంటి ఉండాలి, రూపాయి బిళ్లంత ఖాళీ కూడా కనిపించకూడదు. పూటకు ఇలా రెండు మూడు రాళ్లయినా ఊడదీసి చూడందే నేను ముందుకు వెళ్లను. బేల్దారి విసుక్కున్నా సరే, మీరు దగ్గర నిలబడి చూడండి.

రోజుకు నాలుగడుగుల ఎత్తు మించొద్దు. 10 అడుగులు దాటి పైకి వెళ్తే జిగురు ఒక్కదాన్నే నమ్మకూడదు, స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులతో రాయిని గోడకు బిగించాలి. కట్టుడు తీగ వాడితే తుప్పు పట్టి రాయి మీద ఎర్రటి చారలు దిగుతాయి. గోడ పొడవు 10 అడుగులు దాటితే నిలువునా 8 మిల్లీమీటర్ల సందు వదిలి, సాగే సీలెంటుతో నింపండి. ఎండకు రాళ్లు వ్యాకోచిస్తే ఆ చోటు కావాలి.

ఈ మధ్య రాయి బదులు పీవీసీ పలకలు బిగిస్తున్నారు. అవి ఎండకు రాయి కంటే చాలా ఎక్కువగా సాగుతాయి. మేకు తలకూ పలకకూ మధ్య సందు వదిలి, పలక కదిలేలా కొట్టాలి. గట్టిగా దిగ్గొడితే మొదటి ఎండాకాలానికే అలల్లా ఉబ్బుతాయి. అది తెలిసి బిగించేవాళ్లను నేను ఇక్కడ పెద్దగా చూడలేదు. గనులు ఇంత దగ్గర పెట్టుకుని గోడకు ప్లాస్టిక్ వేయడం నాకు నచ్చదు కూడా.

మిగతా పని

ఒక రోజు ఆగి సందులు గ్రౌటుతో నింపి, తడి స్పాంజితో తుడవండి. మరకలు పోతాయని యాసిడ్ మాత్రం ముట్టించొద్దు. బెలుం గుహలు ఏర్పడింది ఇలాంటి సున్నపురాతిలోనే. నీళ్లలో కలిసిన కొద్దిపాటి ఆమ్లమే యుగాల తరబడి పారి 3 కిలోమీటర్లకు పైగా రాతిని తొలిచింది. సీసాలో అమ్మే యాసిడ్ పోస్తే మీ కళ్ల ముందే రాయి నురగ కక్కి మెరుపు పోతుంది.

రెండు వారాల తర్వాత ప్రతి రాయినీ నాణెంతో తట్టండి. గుల్లగా మోగినవాటి మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, పరంజా విప్పకముందే తీయించి మళ్లీ పెట్టించండి. ఆ తర్వాత గోడ బాగా ఆరిన రోజు చూసి, రాతిలోకి ఇంకే రకం సీలరు ఒక పూత వేయండి. వార్నిషులా మెరిసేది వద్దు, అది ఎండకు పొరలు పొరలుగా లేస్తుంది.

పది రాళ్లు అదనంగా కొని ఇంట్లో దాచుకోండి. గనిలో పొర మారితే రంగు మారుతుంది. రెండేళ్ల తర్వాత అదే దుకాణానికి వెళ్లినా మీ గోడకు కలిసే రాయి దొరకదు.