టైరు వేడిని కొలవడానికి సూది గల పైరోమీటరే మేలు

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై వంటి ట్రాక్‌లపై సరదాగా సొంత కారు నడిపేవారు టైరు ఉష్ణోగ్రత కొలిచే పరికరం కొనదలచినప్పుడు, చవకగా దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్‌కు బదులు సూది మొన గల ప్రోబ్ పైరోమీటరును ఎంచుకోవడం మంచిది. ఇన్‌ఫ్రారెడ్ గన్ రబ్బరు పైపొర వేడిని మాత్రమే చూపుతుంది. ఆ పొర చివరి మలుపులో ఒరుసుకొని ఒక్కసారిగా వేడెక్కుతుంది, కారు పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చేలోపే గాలికి చల్లబడుతుంది కూడా. సూదిని నేలను తాకే ట్రెడ్ రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు దించితే అంత త్వరగా మారని లోపలి వేడి తెలుస్తుంది.

కొనేముందు రీడింగ్ ఎంత త్వరగా నిలకడకు వస్తుందో తప్పక చూడాలి. ఒక్కో టైరుకు లోపలి అంచు, మధ్య, బయటి అంచు చొప్పున మొత్తం 12 చోట్ల కొలవాలి కనుక, ఒక్కోచోట 10 సెకన్లు తీసుకునే మీటరుతో చివరి టైరు పూర్తయ్యేసరికి 2 నిమిషాలు గడిచి, మొదటి టైరుతో పోలికే చెడిపోతుంది. సూది లోతును మార్చుకునే వీలుంటే ఇంకా మంచిది. డిగ్రీలో పదో వంతు చూపే డిస్‌ప్లేకు అదనంగా చెల్లించడం మాత్రం నా దృష్టిలో వృథా, ఎందుకంటే మనకు కావలసింది ఆ మూడు చోట్ల మధ్య తేడాయే. మధ్యభాగం అంచులకంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువైందని, చల్లగా ఉంటే తక్కువైందని, లోపలి అంచు మరీ వేడెక్కితే నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం కారు వైపు వాలి ఉండటం) మితిమీరిందని సాధారణంగా భావించవచ్చు.