గేమింగ్ ల్యాప్‌టాప్ బదులు చిన్న కన్వర్టిబుల్: ఎలా ఎంచుకోవాలి?

గేమింగ్ ల్యాప్‌టాప్ బరువు రెండున్నర కిలోలు, దాని చార్జరు ఇటుకంత. హాస్టల్ గదిలో బల్ల మీద ఉన్నంత కాలం ఆ బరువు తెలియదు. ఉద్యోగంలో చేరి రోజూ మెట్రోలో మోయాల్సి వచ్చినప్పుడు తెర వెనక్కి మడిచి ట్యాబ్లెట్‌లా కూడా వాడుకునే చిన్న కన్వర్టిబుల్ ల్యాప్‌టాప్ మీద మనసు పోతుంది. కొనే ముందు ఈ పనులు చేయండి.

1. మీ వాడకం కొలవండి. వారం పాటు మామూలుగా పనిచేసుకుంటూ, మధ్యమధ్యలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ, గ్రాఫిక్స్ కార్డు ఎంత వాడుతున్నారో కనిపిస్తుంది. బ్రౌజర్, ఎక్సెల్, వీడియో కాల్స్ మాత్రమే అయితే ఆ ఖరీదైన కార్డు ఎక్కువసేపు ఊరికే ఉంటోందని అర్థం. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించే ‘కుడా’ (CUDA) మీద నడిచే మెషిన్ లెర్నింగ్ మీ రోజువారీ పనైతే మాత్రం ఈ మార్పు ఆలోచన మానుకోండి.

2. ఆటల విషయంలో నిజాయితీగా ఉండండి. వాలరెంట్, డోటా 2 వంటివి ఈనాటి ప్రాసెసర్లలోని అంతర్గత గ్రాఫిక్స్‌తోనే ఆడుకోవచ్చు. సైబర్‌పంక్ 2077 లాంటి భారీ ఆటను పాత యంత్రంలో ఆడినంత హాయిగా ఆడాలంటే కుదరదు. రెండూ కావాలనుకునేవారి కోసమే ఆసుస్ ఆర్‌ఓజీ ఫ్లో ఎక్స్13 అనే కన్వర్టిబుల్ వచ్చింది: 13.4 అంగుళాల తెర, సుమారు 1.3 కిలోల బరువు, విడి గ్రాఫిక్స్ కార్డు. అయితే అంత చిన్న ఒంట్లో వేడి, ఫ్యాన్ల రొద తప్పవు. నా ఓటు వేరే దారికి: పాత ల్యాప్‌టాప్‌ను ఇంట్లోనే ఉంచి, స్టీమ్ అనే ఆటల యాప్‌లోని ‘రిమోట్ ప్లే’తో ఆటను వైఫై మీదుగా కొత్త తెర మీదకు తెచ్చుకోండి. పాతదాన్ని కేబుల్‌తో రూటర్‌కు కలిపితే ఆట తడబడడం తగ్గుతుంది.

3. మెమరీని కొనేటప్పుడే తేల్చుకోండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అడుగు మూత విప్పి ర్యామ్ పెంచుకోవచ్చు. సన్నని కన్వర్టిబుల్స్‌లో సాధారణంగా దాన్ని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. 2024లో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్పుల్లోనైతే ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది: 16 లేదా 32 జీబీ, అంతే. వేరే చిప్పుతో వచ్చే 8 జీబీ మోడల్ చవకగా దొరుకుతోందని తొందరపడకండి, తరువాత చేయగలిగింది ఏమీ లేదు. ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ సంగతి ఇంత కఠినం కాదు, చాలా మోడళ్లలో మార్చుకోవచ్చు.

4. దుకాణానికి వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. తెరను పూర్తిగా వెనక్కి తిప్పి, ఒక చేత్తో పట్టుకుని రెండు నిమిషాలు నిలబడి ఏదైనా చదవండి. 14 అంగుళాల కన్వర్టిబుల్ దాదాపు కిలోన్నర ఉంటుంది, అరకిలో ట్యాబ్లెట్‌కు అది సాటి రాదు. పడుకుని పుస్తకాలు చదవడమే మీ ఉద్దేశమైతే ట్యాబ్లెట్ విడిగా కొనుక్కోవడమే మేలు. తర్వాత మామూలుగా తెరిచి, వేలితో తెర మీద తట్టి ఎంత ఊగుతుందో గమనించండి. టచ్ తెరల్లో ఎక్కువ భాగం అద్దంలా మెరుస్తాయి కాబట్టి ట్యూబ్‌లైటు కింద కూడా చూడండి. తెరకు 400 నిట్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు ఉంటే కిటికీ పక్కన కూర్చున్నా ఇబ్బంది ఉండదు.

తెర మీద రాసే పెన్ను పెట్టెలోనే వస్తుందా, విడిగా కొనాలా అడగండి. ఎంపీపీ, వాకామ్ ఏఈఎస్, యూఎస్‌ఐ అనేవి పెన్ను తెరతో పనిచేసే వేర్వేరు పద్ధతులు, ఒకదాని పెన్ను మరొకదానితో పనిచేస్తుందన్న హామీ లేదు.

5. చార్జింగ్ యూఎస్‌బీ-సీ ద్వారానే జరగాలి. 65 వాట్ల చిన్న చార్జరు చాలు, అదే ఫోనుకూ పనికొస్తుంది. హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆఫీసు ప్రొజెక్టర్ కోసం అడాప్టర్ మోయాలి.

6. పాతదాన్ని అమ్మేయాలనుకుంటే కొన్నాళ్లు ఆగండి. కొత్తదానిలో మీ పనులన్నీ సాఫీగా సాగుతున్నాయని తేలాక ఫైళ్లు భద్రపరచి, విండోస్ సెట్టింగ్స్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’ తెరిచి ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. అక్కడే ఉండే ‘క్లీన్ డేటా’ను కూడా ఆన్ చేస్తే మీ ఫొటోలను, పత్రాలను కొన్నవారు వెలికితీయడం చాలా కష్టం.