కొత్త కుళాయికి దరఖాస్తు: ముందు పన్ను రసీదులో పేరు చూసుకోండి

అనంతపురంలో కొత్త కుళాయి కోసం వార్డు సచివాలయానికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాళ్లలో చాలామంది దగ్గర కాగితాలన్నీ ఉంటాయి. ఇంటి పన్ను రసీదు మీద పేరు మాత్రం వాళ్లది కాదు. చనిపోయిన మామగారిదో, ఇల్లు అమ్ముకుని వెళ్లిన పాత యజమానిదో అయి ఉంటుంది.

మిగతాదంతా సులువే. దరఖాస్తుతో పాటు ఆధార్, ఇంటి దస్తావేజు, తాజా పన్ను రసీదు నకళ్లు ఇచ్చి దరఖాస్తు సంఖ్య తీసుకోవాలి. సిబ్బంది వచ్చి ప్రధాన గొట్టం ఎంత దూరంలో ఉందో, రోడ్డు తవ్వాలో లేదో చూస్తారు. వాళ్లు లెక్కగట్టిన రుసుము కట్టాక కుళాయి వేస్తారు.

ఇక పేరు సంగతి. పన్ను రికార్డులో పేరు మారనిదే దరఖాస్తు ముందుకు కదలదు. ఇల్లు వారసత్వంగా వచ్చినదైతే మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. వీలునామా గానీ భాగపరిష్కార పత్రం గానీ ఉంటే అదీ జతచేయండి. కొన్న ఇల్లయితే రిజిస్టరైన విక్రయ దస్తావేజు చాలావరకు సరిపోతుంది. పాత బకాయి ఒక్క రూపాయి ఉన్నా ముందే కట్టేయండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, దస్తావేజులో పొడి అక్షరంగా ఉన్నా అడ్డు చెబుతారు, అది కూడా ఒకసారి సరిచూసుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికే ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి దాన్ని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

పోయిన వేసవిలో సచివాలయం వరండాలో ఒక పెద్దావిడను చూశాను. ప్లాస్టిక్ సంచిలో పన్ను రసీదులు, మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి. అన్నిటి మీదా చనిపోయిన భర్త పేరే. "పేరుతో పనేముందమ్మా, నేను వేయిస్తా" అని ఒకడు డబ్బు తీసుకుని రాత్రికి రాత్రి గొట్టం కలిపించాడట. రసీదు లేదు, మంజూరు పత్రం లేదు. కొన్నాళ్లకు సిబ్బంది వచ్చి తీసేశారు. ఆమె మళ్లీ పేరు మార్పిడి దగ్గరే మొదలుపెట్టాల్సి వచ్చింది. మీ డబ్బు ఎవరి చేతికిచ్చినా కార్పొరేషన్ రసీదు లేకుండా ఇవ్వకండి.

అలా దొంగచాటుగా వేసిన గొట్టాలు చాలాచోట్ల మురుగు కాలువలోంచే పోతాయి. నీళ్లు వదలని వేళ గొట్టం ఖాళీగా ఉంటుంది, అతుకు దగ్గర సందు ఉంటే మురుగు లోపలికి వస్తుంది. మీ గొట్టం కాలువ దాటక తప్పకపోతే మురుగుకు ఎత్తున, మరో పెద్ద గొట్టం లోపల పెట్టి తీయమని దగ్గరుండి అడగండి.

ఇంత శ్రమ ఎందుకు, బోరు ఉందిగా అనుకునేవారికి ఒక మాట. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. కాచినా ఫ్లోరైడ్ పోదు. కార్పొరేషన్ కుళాయికి నీళ్లు పెన్నా అహోబిలం జలాశయం నుంచి, శుద్ధి అయి వస్తాయి. కొద్దిగా క్లోరిన్ వాసన వస్తే భయపడకండి, కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. అనుమానముంటే సిబ్బందిని క్లోరోస్కోపుతో, అంటే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో చూసే చిన్న పరికరంతో పరీక్షించమనండి. చుక్కల మందు వేశాక నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టే.

దరఖాస్తు కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. దరఖాస్తు సంఖ్య, రుసుము రసీదు నకలు వెంట తీసుకెళ్లండి.